గ్లోబ్యులిన్ 5.9 ఉన్న మనిషికి న్యుమోనియా రెండోసారి ఎందుకు వచ్చింది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 38 ఏళ్ల మనిషి తొమ్మిది నెలల్లో రెండోసారి న్యుమోనియాతో వార్డులో చేరాడు. హెచ్ఐవీ ఉన్నట్టు ఈమధ్యే తేలింది. సీడీ4 (హెచ్ఐవీ దెబ్బతీసే రక్షక టి కణాల లెక్క) 162. టీఎల్‌డీ (మూడు హెచ్ఐవీ మందులు కలిసిన మాత్ర) మొదలుపెట్టి అయిదు వారాలైంది. టోటల్ ప్రొటీన్ 9.1, ఆల్బుమిన్ 3.2, అంటే గ్లోబ్యులిన్ (యాంటీబాడీలు ఉండే ప్రొటీన్ల భాగం) 5.9. బయటి ల్యాబ్ మైకోప్లాస్మా (న్యుమోనియా తెచ్చే మరో క్రిమి) మీద ఐజీఎం అనే తొలి యాంటీబాడీ పాజిటివ్ అని రిపోర్టు ఇచ్చింది. ఒంట్లో ఇన్ని యాంటీబాడీలు పెట్టుకుని బ్యాక్టీరియా న్యుమోనియా ఎలా వస్తోంది, న్యుమోకాకస్ యాంటీబాడీ లెవెల్ చూడాలా, ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించమంటున్న బంధువులకు ఏం చెప్పాలి, టీకా ఎప్పుడు వేయాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను డాక్టరు గారూ. ఆ 5.9లో ఈ జబ్బుకు అక్కరకొచ్చే యాంటీబాడీ చాలా తక్కువ. మైకోప్లాస్మా రిపోర్టును పక్కన పెట్టండి. న్యుమోకాకస్ లెవెల్ ఇప్పుడు చూడొద్దు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. కాంజుగేట్ టీకా (క్రిమి తొడుగులోని చక్కెరను ప్రొటీన్‌కు కట్టినది) డిశ్చార్జి తర్వాత మొదటి విజిట్‌లోనే వేయొచ్చు, పాలీశాకరైడ్ (ఉత్త చక్కెర) టీకాకు సీడీ4 200 దాటేదాకా ఆగాలి. వీటన్నిటికంటే ముందు కళ్లెను సీబీనాట్‌కు (క్షయ క్రిమిని పట్టే జన్యు పరీక్షకు) పంపండి. అది ఎందుకో కింద వస్తుంది.

గ్లోబ్యులిన్ సంగతి చూద్దాం. 1983లోనే, ఆ వైరస్‌కు ఇప్పటి పేరు ఇంకా రాకముందే, ఎయిడ్స్ రోగుల బి కణాలు ఎవరూ ప్రేరేపించకుండానే యాంటీబాడీలు కక్కుతున్నాయనీ, కావాలని ప్రేరేపిస్తే మాత్రం సరిగా స్పందించడం లేదనీ గుర్తించారు. ఈ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. హెచ్ఐవీ పేగు గోడలోని సీడీ4 కణాలను తొలి వారాల్లోనే తినేస్తుంది. ఆ గోడ గుండా బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారుతూ బి కణాలను రోజూ గిల్లుతుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-6, బాఫ్ లాంటి సంకేతాలూ పెరుగుతాయి. ఫలితంగా బి కణాలు గురి లేకుండా ప్లాస్మా కణాలుగా మారి, దేనికీ సరిపడని ఐజీజీని (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకాన్ని) పోస్తూ ఉంటాయి. గంప నిండా తాళంచెవులే, మన తలుపుకు పట్టేది ఒక్కటీ లేదు. టోటల్ ఐజీజీ చేయిస్తే డెసిలీటరుకు 2,000–3,000 మిల్లీగ్రాములు వచ్చినా ఆశ్చర్యపడొద్దు. మామూలు మనిషికి 700–1,600 మధ్య ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మళ్లీ మళ్లీ న్యుమోనియా, పైగా గ్లోబ్యులిన్ ఎక్కువ అంటే గుర్తు రావలసిన జబ్బు ఇంకొకటి ఉంది, మల్టిపుల్ మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్). ఒకసారి సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రొటీన్లను విడగొట్టి గ్రాఫుగా చూపే పరీక్ష) చేయించండి. గామా భాగంలో గుట్టలా వెడల్పుగా లేస్తే హెచ్ఐవీ లెక్క. తాటిచెట్టులా సన్నగా నిటారుగా లేస్తే హెమటాలజీకి పంపాలి. వెన్నునొప్పి, క్రియాటినిన్ పెరగడం, కాల్షియం పెరగడం ఉంటే అసలే ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వద్దాం. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో బ్యాక్టీరియా న్యుమోనియాకు మొదటి కారణం న్యుమోకాకస్. దీన్ని అవకాశవాద క్రిమి అని రాయడం నాకు పూర్తిగా నచ్చదు. ఇది ఆరోగ్యవంతుణ్నీ కొడుతుంది, సీడీ4 500 ఉన్నవాణ్నీ కొడుతుంది. సీడీ4 పడిపోయే కొద్దీ దెబ్బ తరచుగా, గట్టిగా పడుతుంది, క్రిమి రక్తంలోకి పాకడం ఎక్కువవుతుంది. అందుకే 1993లో అమెరికా సీడీసీ, పన్నెండు నెలల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు వచ్చే బ్యాక్టీరియా న్యుమోనియాను ఎయిడ్స్‌ను నిర్వచించే జబ్బుల్లో చేర్చింది. రెండుసార్లూ బ్యాక్టీరియాయే అని తేలితే మీ పేషెంటు సీడీ4 అంకెతో పని లేకుండానే ఆ గీత దాటినట్టు.

న్యుమోకాకస్ బలమంతా దాని పైతొడుగులో ఉంది. ఆ క్యాప్సూల్ చక్కెర గొలుసులతో, అంటే పాలీశాకరైడ్‌తో తయారైంది. ఈ గొలుసుల అల్లికను బట్టే నూటికి పైగా సీరోటైపులు ఉన్నాయి. తొడుగు నున్నగా ఉండటంతో, క్రిములను మింగే న్యూట్రోఫిల్‌కు గానీ, ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌కు గానీ క్రిమి పట్టు దొరకదు. యాంటీబాడీ వచ్చి తొడుగుకు అంటుకుని, దాని మీద కాంప్లిమెంట్ (క్రిములను చంపడంలో సాయపడే రక్త ప్రొటీన్లు) సీ3బీ పేరుకుంటే అప్పుడు మింగుడు పడుతుంది. ఇదే ఆప్సొనైజేషన్. గ్రామ్ నెగటివ్ క్రిములకు ఉన్నట్టు కాంప్లిమెంట్ నేరుగా గోడకు కన్నం పెట్టి చంపే దారి ఇక్కడ లేదు. న్యుమోకాకస్ గోడ అంత మందం. మింగితేనే చస్తుంది.

ఇక్కడే మెలిక ఉంది. చక్కెర గొలుసును బి కణం ముక్కలు చేసి టి కణానికి చూపించలేదు. కాబట్టి దీని మీద యాంటీబాడీ టి కణాల నేరు సాయం లేకుండా, ప్లీహంలోని మార్జినల్ జోన్ బి కణాల నుంచి, వాటికి దగ్గరి చుట్టాలైన ఐజీఎం మెమరీ కణాల నుంచి పుట్టాలి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ కణాలు ఇంకా ముదరవు. ప్లీహం తీసేసినవాళ్లకు వాటి ఇల్లే ఉండదు. న్యుమోకాకస్ ఈ ఇద్దరినీ ఎందుకు వెతుక్కుని కొడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. హెచ్ఐవీలో ప్లీహం స్కాన్‌లో కనిపిస్తుంది, పైగా కాస్త పెద్దదిగా కూడా కనిపించొచ్చు, కానీ లోపల కాపురం ఉండాల్సిన ఐజీఎం మెమరీ కణాలు తగ్గిపోయి ఉంటాయి. ఇది జబ్బు తొలి దశలోనే మొదలవుతుంది. ఏఆర్టీతో (హెచ్ఐవీ మందులతో) సీడీ4 పెరిగినంత సులువుగా ఇవి తిరిగి రావు. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో అసలు పూర్తిగా రావు. సీడీ4 550కి వచ్చిన మనిషికి మళ్లీ న్యుమోకాకస్ రావడం చూసి తికమకపడే జూనియర్లకు ఈ ఒక్క ముక్క చెప్తే చాలు.

దీనికి తోడు జన్యువుల స్థాయిలో ఇంకో నష్టం జరుగుతుంది. న్యుమోకాకస్ తొడుగును పట్టే మంచి యాంటీబాడీల్లో ఎక్కువ భాగం వీహెచ్3 అనే జన్యు కుటుంబం నుంచి వస్తాయి. హెచ్ఐవీ పైపూత ప్రొటీన్ జీపీ120, యాంటిజెన్ గుర్తింపుతో సంబంధం లేకుండానే ఈ వీహెచ్3 బి కణాలకు పక్కనుంచి అతుక్కోగలదు. మొదట వాటిని రెచ్చగొడుతుంది, జబ్బు ముదిరాక ఆ కుటుంబమే పలచబడుతుంది.

ఐజీజీ ఉపజాతుల్లోనూ తూకం చెడుతుంది. పెద్దవాళ్లలో పాలీశాకరైడ్ మీద వచ్చే ఐజీజీలో ముఖ్యమైనది ఐజీజీ2. హెచ్ఐవీలో పొంగేది ప్రధానంగా ఐజీజీ1, ఐజీజీ3. ఐజీజీ2 వెనకబడుతుంది. ల్యాబ్ ఇచ్చే మొత్తం అంకెలో ఈ లోటు పొంగిన ఐజీజీ1 కింద దాక్కుంటుంది.

న్యుమోకాకస్ తర్వాతి స్థానం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో దొరికేది ఎక్కువగా తొడుగు లేని రకం. కాబట్టి హిబ్ టీకా దీనికి పనికిరాదు, హెచ్ఐవీ ఉన్న పెద్దవాళ్లకు రొటీన్‌గా వేయరు కూడా. సూడోమోనాస్ కథ వేరు. అది సీడీ4 50 కిందకి పడి, న్యూట్రోఫిల్స్ తగ్గి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో వస్తుంది. అక్కడ యాంటీబాడీ చర్చ పెద్దగా అక్కరకు రాదు.

ఇప్పుడు లెవెల్ చూడాలా అన్న ప్రశ్న. యాంటీబాడీ ఎంత ఉందన్నది ఒకటి, అది పని చేస్తుందా అన్నది మరొకటి. దక్షిణాఫ్రికాలో పిల్లలకు తొమ్మిది రకాల కాంజుగేట్ టీకా వేసి చూసినప్పుడు ఈ తేడా బయటపడింది. హెచ్ఐవీ ఉన్న పిల్లల్లో టీకా తర్వాత ఎలైజా (యాంటీబాడీ ఎంతుందో కొలిచే పరీక్ష) అంకెలు ఫరవాలేదనిపించాయి. అదే రక్తంతో క్రిమిని చంపించి చూస్తే హెచ్ఐవీ లేని పిల్లలకంటే వెనకబడ్డారు. 2003లో వచ్చిన ఆ ట్రయల్ ఫలితాల్లో, టీకాలో ఉన్న రకాల వల్ల వచ్చే తీవ్ర జబ్బు నుంచి రక్షణ హెచ్ఐవీ లేని పిల్లల్లో 83 శాతం, ఉన్నవాళ్లలో 65 శాతం. కాలం గడిచే కొద్దీ ఆ తేడా ఇంకా పెరిగింది.

ఎలైజా ఎక్కడ తప్పుతుందంటే, ప్లేటుకు పూసిన క్యాప్సూల్ పదార్థంలో సెల్ వాల్ పాలీశాకరైడ్ కలిసి ఉంటుంది. దాని మీద యాంటీబాడీ దాదాపు పెద్దవాళ్లందరికీ ఉంటుంది, కానీ అది రక్షించదు. అందుకే సీరాన్ని ముందుగా సెల్ వాల్ పాలీశాకరైడ్‌తో, ఆ తర్వాత 22ఎఫ్ పాలీశాకరైడ్‌తో కలిపి ఈ పనికిరాని యాంటీబాడీని పీల్చేయాలి. ఈ 22ఎఫ్ మెట్టు వదిలేస్తే అంకె ఉబ్బుతుంది. గురిలేని ఐజీజీ నిండిన హెచ్ఐవీ సీరంలో ఈ ఉబ్బు ఇంకా మోసం చేస్తుంది. ప్రైవేటు ల్యాబులు ఇరవై మూడు రకాలనూ ఒకే బావిలో (పరీక్ష ప్లేటులోని గుంటలో) కలిపి ఒకే అంకెగా ఇచ్చే రిపోర్టులో మూడో రకానికి ఎంత, పంతొమ్మిది ఏకు ఎంత అన్నది తెలియదు. ఆ అంకె చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేం.

పని చేస్తుందో లేదో చూపేది ఆప్సొనోఫాగోసైటిక్ పరీక్ష. దాని నడక ఒకసారి తెలుసుకుంటే ఎలైజా మీద భ్రమ పోతుంది. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి అందులోని కాంప్లిమెంట్‌ను చంపుతారు. వరస పలచనలు చేసి బావుల్లో పోసి, ఒక్కో రకం న్యుమోకాకస్‌ను కలుపుతారు. హెచ్ఎల్-60 అనే ల్యుకీమియా కణాలను డైమిథైల్ ఫార్మమైడ్‌లో అయిదారు రోజులు పెంచితే న్యూట్రోఫిల్ లాంటివిగా మారతాయి. వాటినీ, కుందేలు పిల్లల కాంప్లిమెంట్‌నూ చేర్చి 37 డిగ్రీల దగ్గర ముప్పావుగంట కదిలిస్తారు. తర్వాత అగర్ మీద చుక్కలు పెట్టి, మర్నాడు కాలనీలు లెక్కపెడతారు. సగం క్రిములు చచ్చిన పలచనే టైటర్.

మన పేషెంట్ల దగ్గర ఈ పరీక్ష ఒక చోట బోల్తా కొడుతుంది. సీరంలో సెఫ్ట్రియాక్సోన్, కోట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్స్ మిగిలి ఉంటే అవే క్రిమిని చంపేస్తాయి, టైటర్ ఆకాశాన్ని అంటుతుంది. అందుకే మందు చేసిన హత్యను యాంటీబాడీ ఖాతాలో రాయకుండా, వేడి చేసి చంపిన కాంప్లిమెంట్‌తో ఒక కంట్రోల్ బావి పెడతారు. అక్కడా క్రిములు చస్తే ఆ నమూనాను పారేయాలి. ఇంకో పరిమితీ ఉంది. పేషెంటు సొంత కాంప్లిమెంట్‌ను, సొంత న్యూట్రోఫిల్స్‌ను ఈ పరీక్ష పక్కన పెట్టేస్తుంది కాబట్టి, అతని ఒంట్లో జరిగేది ఇక్కడ కనిపించేదానికంటే అధ్వానంగా ఉండొచ్చు.

మరి మిల్లీలీటరుకు 0.35 మైక్రోగ్రాములు అనే గీత ఉంది కదా అంటారు. అది పసిపిల్లల కాంజుగేట్ టీకా ట్రయల్స్ నుంచి, కొత్త టీకాలను పాతవాటితో పోల్చి లైసెన్సు ఇవ్వడానికి గీసిన గీత. ఒక గుంపుకు పెట్టిన కొలత. వార్డులో పడుకున్న 38 ఏళ్ల మనిషికి అది పెట్టి, నీకు రక్షణ ఉంది, నీకు లేదు అని చెప్పడానికి వీల్లేదు. 1.3 అనే మరో గీత పుట్టుకతో వచ్చే ఇమ్యునిటీ లోపాలు తేల్చేటప్పుడు, పాలీశాకరైడ్ టీకా వేసి నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత చూసేది. మీ పేషెంటుకు లోపం ఏమిటో ముందే తెలుసు. దాన్ని మళ్లీ రుజువు చేయడానికి అతని డబ్బు ఖర్చు పెట్టించడం అనవసరం.

మైకోప్లాస్మా ఐజీఎం దగ్గరకు వస్తే, యాంటీబాడీతో న్యుమోనియా కారణం తేల్చడం హెచ్ఐవీలో రెండు వైపులా మోసం చేస్తుంది. గురిలేని యాంటీబాడీ ప్రవాహంలో లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. నిజంగా ఉన్న జబ్బుకు స్పందన ఆలస్యమై, లేదా అసలు రాకపోయి, ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. పుస్తకం ప్రకారం రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు నమూనాలు తీసి, నాలుగు రెట్లు పెరుగుదల చూడాలి. అప్పటికి పేషెంటు ఇంటికి వెళ్లి ఉంటాడు, లేదా మనం ఓడిపోయి ఉంటాం. ఒక్క నమూనా ఐజీఎంతో వైద్యం నడపొద్దు. ఇది మనకు కొత్త పాఠమూ కాదు. క్షయకు రక్తంలో యాంటీబాడీ చూసే కిట్లు ఊరూరా అమ్ముడయ్యాయి. వాటిని వాడొద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, 2012లో మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఇప్పటికీ టీబీ ఐజీజీ, ఐజీఎం రిపోర్టు పట్టుకుని ఎవరైనా వస్తే చూడకుండానే పక్కన పెట్టండి.

దాని బదులు క్రిమిని గానీ, క్రిమి ముక్కను గానీ నేరుగా పట్టుకోండి. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే రెండు చేతుల నుంచి బ్లడ్ కల్చర్, బాటిల్‌కు 8–10 మిల్లీలీటర్లు. మూడు మిల్లీలీటర్లు పోసి నెగటివ్ వచ్చిందంటే లాభం లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో న్యుమోకాకస్ రక్తంలో దొరికే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, ఈ ఒక్క చోట జబ్బే మనకు సాయపడుతుంది. కానీ బాటిల్‌ను ల్యాబ్‌కు త్వరగా చేర్చాలి. న్యుమోకాకస్‌కు తన గోడను తానే కరిగించుకునే ఎంజైమ్ ఉంది. మెషీన్ పాజిటివ్ చూపిన బాటిల్‌ను ఆదివారం కదా అని సోమవారం దాకా వదిలేస్తే, గ్రామ్ స్టెయిన్‌లో జంటలు కనిపిస్తాయి గానీ ప్లేటు మీద ఏమీ పెరగకపోవచ్చు. పెరిగితే ఆప్టోచిన్ బిళ్ల చుట్టూ 14 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఖాళీ వలయం వస్తే న్యుమోకాకస్. మూత్రంలో న్యుమోకాకస్ యాంటిజెన్ స్ట్రిప్ దొరికితే చేయించండి. అది పేషెంటు యాంటీబాడీ మీద ఆధారపడదు. రెండు జాగ్రత్తలు: పాత న్యుమోనియా తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి అది పాజిటివ్‌గానే ఉండొచ్చు, న్యుమోకాకస్ టీకా వేసిన కొద్ది రోజుల్లో కూడా పాజిటివ్ రావొచ్చు. లెజియోనెల్లా అనుమానం ఉంటే మూత్ర యాంటిజెన్, మైకోప్లాస్మాకు గొంతు నమూనా పీసీఆర్.

ఇక సీబీనాట్ ఎందుకంత ముందు పెట్టానంటే, మీ పేషెంటు ఏఆర్టీ మొదలుపెట్టి అయిదు వారాలే అయింది. లోపల నిద్రపోతున్న క్షయ, ఇమ్యునిటీ లేచేసరికి ఒక్కసారిగా మంటలా బయటపడే సమయం సరిగ్గా ఇదే. సీడీ4 తక్కువగా ఉన్నవాడి ఎక్స్‌రేలో అది కింది భాగపు న్యుమోనియాలా కనిపించొచ్చు, గుహలు ఏవీ ఉండకపోవచ్చు. అందుకే మొదటి కళ్లె పరీక్ష నెగటివ్ అన్న ధీమా వద్దు. మూత్రంలో లామ్ పరీక్ష (క్షయ క్రిమి గోడ ముక్కను వెతికేది) అందుబాటులో ఉంటే అదీ చేయించండి. మంచం దగ్గర కాలం లెక్క ఉపయోగపడుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో చలి జ్వరం, ఊపిరి పీలిస్తే పక్కలో పొడుపు, తుప్పురంగు కళ్లె అంటే బ్యాక్టీరియా వైపు. రెండు నుంచి నాలుగు వారాలుగా పొడిదగ్గు, పడుకుంటే ఆక్సిజన్ 95, వార్డు చివరిదాకా నడిపిస్తే 86 అంటే న్యుమోసిస్టిస్ (ఇమ్యునిటీ పడిపోయినవాళ్లకు వచ్చే ఫంగస్ న్యుమోనియా) వైపు. వారాలుగా బరువు తగ్గుతూ, రాత్రి చెమటలు పోస్తుంటే క్షయ. ఒకే మనిషిలో రెండు కలిసి ఉండటం ఇక్కడ అరుదేమీ కాదు.

క్షయ తేలకముందు లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ జోలికి వెళ్లొద్దు. అవి క్షయ క్రిమిని కూడా కొంత అణచి, జ్వరం తగ్గించి, మనల్ని నెల రోజులు తప్పుదారి పట్టిస్తాయి. వార్డులో పెట్టగలిగిన కేసుకు సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 1–2 గ్రాములు, దానికి తోడు అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు. అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చి పంపొద్దు.

ఇమ్యునోగ్లోబ్యులిన్ మీద బంధువులు పట్టుబడితే లెక్క చూపించండి. కిలోకు 400 మిల్లీగ్రాములు అంటే 60 కిలోల మనిషికి 24 గ్రాములు, అయిదు గ్రాముల బాటిళ్లు అయిదు. అదీ ఒకసారితో అయిపోదు, నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. ఏఆర్టీ సరిగా లేని రోజుల్లో, 1990ల మొదట్లో అమెరికాలో హెచ్ఐవీ ఉన్న పిల్లలకు ఇదే మోతాదులో ఇచ్చి చూశారు. బ్యాక్టీరియా జబ్బులు తగ్గిన మాట నిజమే. 1994లో వచ్చిన ఇంకో ట్రయల్‌లో తేలిందేమిటంటే, ఆ లాభం కోట్రైమాక్సజోల్ వాడని పిల్లల్లోనే కనిపించింది. రూపాయల్లో దొరికే మాత్ర చేసే పనికి వేల రూపాయల బాటిల్ ఎందుకన్నమాట. ఐజీజీ నిజంగానే 400 కంటే తక్కువున్న పిల్లల సంగతి వేరు. మీ పేషెంటుకు ఉన్నది దానికి నేరు వ్యతిరేకం, అసలే చిక్కబడిన రక్తంలోకి ఇంకా ప్రొటీన్ పోసినట్టవుతుంది.

ఆ మాత్ర, కోట్రైమాక్సజోల్ డీఎస్, అంటే 800+160, రోజుకు ఒకటి, అతనికి ఇప్పటికే నడుస్తూ ఉండాలి. లేకపోతే ఏఆర్టీ సెంటర్‌తో ఈరోజే మాట్లాడండి. సీడీ4 350 కంటే తక్కువ ఉన్నా, డబ్ల్యూహెచ్‌వో మూడో, నాలుగో దశలో ఉన్నా మన నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) పద్ధతిలో ఇది ఇవ్వాల్సిందే. ఏఆర్టీ మీద ఉండగా ఆరు నెలల తేడాతో రెండుసార్లు సీడీ4 350 దాటితే ఆపొచ్చు. మన దగ్గర న్యుమోకాకస్ చాలావరకు దీనికి లొంగదు కదా అంటే, లొంగని మాట నిజమే. అయినా న్యుమోసిస్టిస్, టాక్సోప్లాస్మా, కొన్ని బ్యాక్టీరియాల నుంచి వచ్చే రక్షణ చాలు దీన్ని వదలకుండా ఉండటానికి. దద్దుర్లు, పొటాషియం, హిమోగ్లోబిన్ మీద కన్నేసి ఉంచండి.

టీకాల్లో వరస తప్పితే నష్టం. పాలీశాకరైడ్ టీకా, అంటే న్యుమోవాక్స్ 23, ఇందాక చెప్పిన ఖాళీ అయిన ప్లీహం తలుపే తడుతుంది. ఉగాండాలో 1,392 మంది హెచ్ఐవీ ఉన్న పెద్దవాళ్ల మీద దీన్ని ఖాళీ టీకాతో పోల్చి చూశారు, అప్పటికి అక్కడ ఏఆర్టీ లేదు. 2000లో ఫలితం వస్తే అందరూ నివ్వెరపోయారు. టీకా వేసుకున్నవాళ్లలోనే న్యుమోనియా ఎక్కువ వచ్చింది. తర్వాతి ఏళ్ల లెక్కల్లో మరణాలు మాత్రం టీకా వర్గంలో కొంత తక్కువగా కనిపించాయి. ఈ పొంతన లేని ఫలితానికి ఒక అనుమానం ఉంది. మిగిలి ఉన్న కాసిని మెమరీ కణాలను ఈ టీకా ఒకేసారి ప్లాస్మా కణాలుగా ఖర్చు పెట్టించి, కొత్తవాటిని పుట్టించలేకపోయి ఉండొచ్చు. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు.

కాంజుగేట్ టీకాలో అదే చక్కెర గొలుసును సీఆర్‌ఎం197 అనే ప్రొటీన్‌కు కట్టేస్తారు. అది విషం తీసేసిన డిఫ్తీరియా టాక్సిన్. ఇప్పుడు బి కణానికి టి కణానికి చూపించేందుకు ఏదో ఒకటి దొరికింది. మలావిలో తీవ్రమైన న్యుమోకాకస్ జబ్బు నుంచి బయటపడిన 496 మందికి, ఎక్కువమంది హెచ్ఐవీ ఉన్నవాళ్లే, ఏడు రకాల కాంజుగేట్ టీకాను నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం, టీకాలోని రకాలతో గానీ 6ఏతో గానీ జబ్బు తిరగబెట్టడం టీకా వర్గంలో 5 సార్లు, రెండో వర్గంలో 19 సార్లు. రక్షణ 74 శాతం, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే. మీ పేషెంటుకు దగ్గరి పోలిక ఉన్నది ఈ ట్రయల్‌తోనే.

కాబట్టి జ్వరం తగ్గి తిరుగుతున్నాక ప్రెవెనార్ 13 (పదమూడు రకాల కాంజుగేట్ టీకా) ఒక డోసు, 0.5 మిల్లీలీటర్, డెల్టాయిడ్ కండలోకి. దీనికి సీడీ4 కోసం ఆగొద్దు. కనీసం ఎనిమిది వారాల తర్వాత, ఏఆర్టీ మీద సీడీ4 200 దాటితే న్యుమోవాక్స్ 23. అయిదేళ్లకు అదే ఇంకోసారి. ఇరవై రకాల కాంజుగేట్ టీకా దొరికితే ఒక్క డోసుతో సరి, తర్వాత పాలీశాకరైడ్ టీకా పెట్టక్కర్లేదు. ఎవరైనా ముందే న్యుమోవాక్స్ వేసేసి ఉంటే కాంజుగేట్‌కు ఏడాది ఆగాలి. ఏటా ఫ్లూ ఇంజెక్షన్ కూడా ఇవ్వండి, ఫ్లూ వచ్చి తగ్గుతుండగానే న్యుమోకాకస్ దిగడం చాలా చూస్తాం. ఈ పెద్దవాళ్ల టీకాలు ఎక్కువగా జేబు ఖర్చే కాబట్టి డబ్బు ఒక్కదానికే ఉందంటే కాంజుగేట్‌కే పెట్టించండి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల కార్డు అడిగి చూడండి. 2021 నుంచి దేశమంతా ప్రభుత్వ టీకాల్లో న్యుమోకాకల్ కాంజుగేట్ ఉచితం: ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. న్యుమోకాకస్ ఎక్కువగా కాపురం ఉండేది పిల్లల ముక్కుల్లోనే, అక్కడ తగ్గితే పెద్దవాళ్లకూ మేలే.

ఇవన్నీ చేసినా యాంటీబాడీని నిలబెట్టేది వైరస్ అణగడమే. వైరస్ రక్తంలో ఉన్నంతకాలం పేగు గోడ కారుతుంది, బి కణాలు గిలగిల్లాడుతూనే ఉంటాయి. 4,685 మందిని తీసుకున్న స్టార్ట్ ట్రయల్‌లో, సీడీ4 500 పైన ఉండగానే ఏఆర్టీ మొదలుపెట్టినవాళ్లలో తీవ్ర బ్యాక్టీరియా జబ్బులు తగ్గాయి. అయిదు వారాల్లో మాత్రలు ఎన్నిసార్లు తప్పాయో అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. ఆరో నెలలో వైరల్ లోడ్. టీకా వేసిన నెల రోజుల్లో ఆ పరీక్ష పెట్టొద్దు, కాసేపు అంకె పైకి లేచి అనవసరంగా మందు ఫెయిలైందన్న చర్చ మొదలవుతుంది. గ్లోబ్యులిన్ కూడా ఏడాదిలో మెల్లగా దిగుతుంది. వైరస్ అణగి కూడా దిగకపోతే ఎలక్ట్రోఫోరెసిస్ మళ్లీ చూడండి.

పొగ తాగుతాడా అని కూడా అడగండి. సీడీ4 ఎంత ఉన్నా సిగరెట్, బీడీ న్యుమోనియాను పెంచుతాయి, మద్యం తాగడం కూడా అంతే. ఇక టీకా కొన్నప్పుడు మెడికల్ షాపు నుంచి ఐస్ గడ్డకు ఆనించి తెచ్చి ఉంటే వాడొద్దు. ప్రెవెనార్‌లో అల్యూమినియం ఉంటుంది, గడ్డకడితే అది ముద్దలై కిందకు దిగిపోతుంది. 2–8 డిగ్రీల మధ్య ఉంచి, వేసే ముందు గట్టిగా ఊపండి, తెల్లగా ఒకేలా కలవకుండా రేణువులు మిగిలితే ఆ సిరంజిని పారేయండి.